మిరపకట్టె మీద క్యాంపర్ వాను

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి ఏడాది ఏప్రిల్లో నన్ను ఒక ఎంపిక కమిటీలో సాంకేతిక సభ్యుడిగా వేశారు. అప్పుడు నేను గుంటూరులో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని. జనం ఇప్పటికీ మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లనే అంటారు. లైసెన్సు పరీక్షలు పెట్టడం, ప్రమాదానికి గురైన బళ్ళను చూసి లోపం యంత్రంలో ఉందా లేదా అని రాయడం, రవాణా బళ్ళకు ఫిట్‌నెస్ ఇవ్వడం మా పని. ఫిట్‌నెస్ ఇవ్వడమంటే, ఈ బండి రోడ్డెక్కితే దాని వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదని సంతకం పెట్టడం. సంతకం పెట్టాక కూడా భయపడుతూ ఉండే స్వభావం నాది. ఆఫీసులో తోటివాళ్ళు ఈ విషయమై నన్ను చాలా ఏడిపించారు. ఏడిపించిన వాళ్ళ సంతకాలు చూసి నేను ఇంకా భయపడేవాణ్ణి.

మేం ఎంపిక చేయాల్సింది క్యాంపర్ వాను. పడక, వంటగట్టు, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే ఉంటాయి. ఒక సేవాసంస్థ వారు ఊరూరా తిరిగి రక్తపరీక్షలు చేసే తమ డాక్టరు కోసం దాన్ని కొంటున్నారు. ఆ డాక్టరు పేరు వసుంధర. నెలలో సగం రోజులు గుంటూరు పేటల్లో, మిగతా సగం కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలో ఆవిడ పని. రెండుచోట్లా ఆవిడ ఇల్లు ఆ బండే. కాబట్టి అది పట్నం సందుల్లోనూ ఇమడాలి, పొలాల డొంకల్లోనూ నడవాలి.

పరిశీలనకు రెండు బళ్ళు వచ్చాయి. పెద్దది చిన్న లారీ చాసిస్ మీద కట్టింది. చాసిస్ అంటే ఇంజనూ చక్రాలూ బిగించే ఇనుప చట్రం. దాని మీద ఒక గదిని గట్టిగా బోల్టులతో బిగించారు. లోపల మనిషి నిలబడి చీర కుచ్చిళ్ళు సర్దుకోవచ్చు. కిటికీలకు ఇనుప గ్రిల్లు, ఎడమ పక్కన ఒకే ఒక్క తలుపు, దానికి లోపలా బయటా తాళం. డ్రైవరు క్యాబినుకీ గదికీ మధ్య దారి లేదు. రెండోది నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పికప్పు. దాని వెనక రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టిన పొట్టి గది. పైకప్పును ఎత్తి నిలబెడితే తప్ప లోపల నడుం వంచే తిరగాలి. వెనక ఒక తలుపు, ముందు క్యాబినులోకి మనిషి దూరే కంత ఒకటి.

సంస్థ కార్యదర్శి వెంకటేశ్వర్లు గారికి పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. మంచి మనిషే గానీ చిన్న వస్తువేదీ ఆయన కంటికి ఆనదు. పట్నంలో పరీక్ష పెట్టిన రోజున పెద్ద బండి మూడు వంతెనలు అని పిలిచే రైలు వంతెన దగ్గరికి వెళ్ళి, కింద నుంచి దూరలేక, వెనకా ముందూ ట్రాఫిక్కు నిలిచిపోతే ఆయన కారు దిగి, వంతెన కాస్త ఎత్తుగా కట్టి ఉండాల్సిందని అన్నారు. డాక్టరు గారి మొగ్గూ పెద్దదాని వైపే. నేను ఒకే తలుపు గురించి అడిగితే ఆవిడ ఆలోచించే సమాధానం చెప్పారు.

“పట్నంలో రోడ్డు పక్కన ఒక్కదాన్నే పడుకోవాలండీ. నాకు తాళం కావాలి, గ్రిల్లు కావాలి. పొలాల్లో నాకేం భయం చెప్పండి?”

ఆ మాట నిజమే. అయినా నా మనసు ఒప్పుకోలేదు. పొలాల్లో కూడా నడిపి చూశాకే నా అభిప్రాయం రాస్తానని చెప్పాను. కార్యదర్శి గారు నవ్వి, మన ఇన్‌స్పెక్టరు గారికి నీడను చూసినా భయమే అన్నారు.

మార్టూరు దాటి లోపలికి వెళితే గ్రానైట్ రాయి మోసే లారీలు దున్నేసిన డొంక ఒకటి ఉంది. అటూ ఇటూ నల్లరేగడి పొలాలు. ముందురోజు అకాల వాన పడింది. రేగడి తడిస్తే చక్రానికి అంటుకుని చక్రమంత మందం అవుతుంది, ఆ తర్వాత బండి నడపడం మన చేతుల్లో ఉండదు. చిన్న బండి ముందు వెళ్ళింది. రెండుసార్లు పక్కకు జారి, మా అందరి గుండెల్నీ జార్చి, అవతలి గట్టి నేల మీదికి చేరింది.

తర్వాత పెద్ద బండి కదిలింది. నడిపేది సుబ్బారావు, ఇరవై ఏళ్ళు లారీ తోలిన మనిషి. డాక్టరు గారు వెనక గదిలో బెల్టు పెట్టుకుని కూర్చున్నారు. కుదుపులకు రక్తం సీసాలు అరల్లో నిలుస్తాయో లేదో ఆవిడే చూడాలన్నారు. నేను ముందు నడుస్తూ దారి చూపిస్తున్నాను. సగం దూరం వచ్చేసరికి ముందు ఎడమ చక్రం లారీల గాడిలోకి దిగిపోయింది. వెనక ఎడమ చక్రం గట్టు రాళ్ళ మీదికి ఎక్కి నిలిచింది. బండి ఒళ్ళంతా మెలి తిరిగినట్టు నిలబడిపోయింది.

పక్క పొలం రైతు ఆంజనేయులు చూసి వచ్చాడు. ఆ ప్రాంతంలో ట్రాక్టరు దిగబడితే గాడిలో పత్తికట్టె, మిరపకట్టె కుక్కి ఎక్కించడం అందరికీ అలవాటు.

“కట్టె వెయ్యండయ్యా, అదే ఎక్కుద్ది. మా బళ్ళన్నీ అట్టాగేగా లేపేది” అన్నాడు.

పొయ్యికోసం పట్టా కింద దాచుకున్న ఎండు మిరపకట్టె మోపులు తెచ్చి, అతనూ ఇంకో ఇద్దరూ చక్రం ముందూ బండి పొట్ట కిందా కుక్కారు. కట్టెకు తాలు మిరపకాయలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. సుబ్బారావు ఇంజను పెంచాడు. చక్రం గిర్రున తిరిగింది గానీ బండి కదల్లేదు. మళ్ళీ పెంచాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ట్రాక్టరుకు పొగగొట్టం పైకి ఉంటుంది. పాత లారీల సైలెన్సరు కాలినా ఇంత కాలదు. కొత్త డీజిల్ బళ్ళలో పొగలోని మసిని పట్టి అక్కడే కాల్చేసే పెట్టె ఒకటి బండి అడుగున ఉంటుంది. బండి నిలిచిన చోటే నిలిచి ఇంజను గింజుకుంటే ఆ పెట్టె పొయ్యి మీది పెనం కన్నా కాలుతుంది. ఏళ్ళ తరబడి కట్టె వేసి బళ్ళు లేపిన రైతులకు అందులో ప్రమాదం ఎప్పుడూ కనబడకపోవడంలో వింత లేదు. వాళ్ళు లేపిన బళ్ళకు ఆ పెట్టె లేదు.

ముందు నాకు ఘాటు తగిలింది. గొంతులో కారం పోసినట్టయి మాట రాలేదు. వంగి చూస్తే బండి పొట్ట కింద ఎర్రగా అంటుకుని ఉంది. ఇంజను ఆపమని చేతులూపాను. సుబ్బారావు ఆపి కిందికి దూకాడు. పొగ తెల్లగా లేచి గది చుట్టూ కమ్ముకుంది. మిరపకాయ కాలిన పొగ ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు, వంటింట్లో ఒక్క కాయ మాడితే ఇల్లంతా వీధిలోకి వస్తుంది. ఇక్కడ మోపులు మోపులు కాలుతున్నాయి, డాక్టరు గారు మూసిన గదిలో ఉన్నారు. ఆ గదిలోనే వంటగ్యాసు సిలిండరు ఉంది.

సుబ్బారావు తలుపు పట్టుకుని లాగాడు. రాలేదు. లోపల నుంచి డాక్టరు గారు గడియ తీశానని అరుస్తున్నారు, మధ్యమధ్య దగ్గు. తాళం తెరుచుకునే ఉంది. తలుపు మాత్రం ద్వారబంధంలో ఇరుక్కుపోయింది.

“సార్, తలుపు రావట్లేదండి” అన్నాడు సుబ్బారావు.

ఆంజనేయులు ఒక పలుగు తెచ్చి కిటికీ గ్రిల్లులో దూర్చాడు. గ్రిల్లు కదల్లేదు. దొంగ పీకలేకుండా బిగించింది మనమూ పీకలేం. లోపల నుంచి డాక్టరు గారి వేళ్ళు ఆ ఊచల్ని పట్టుకుని కనిపించాయి. నా ఉద్యోగంలో నేను చాలా ప్రమాదాలు చూశాను, కానీ అన్నీ జరిగిపోయాక చూసినవే. జరుగుతుండగా చూడటం అదే మొదలు. పారిపోవాలనిపించింది, ఆ సంగతి దాచుకోను.

దగ్గు వినిపించడం తగ్గింది. అది నన్ను ఇంకా భయపెట్టింది.

తలుపును ఎంత లాగినా రాదని నాకు అప్పుడు అర్థమైంది. చట్రం మెలి తిరిగింది, దానికి గట్టిగా బిగించిన గది కూడా దానితో పాటు మెలి తిరిగింది, తలుపు ద్వారబంధం ఒక పక్కకు వాలింది. మెలి పోతేనే తలుపు వస్తుంది. జాకీ పెడితే బురదలోకి దిగుతుంది. పైకెత్తలేని బండిని కిందికి దించవచ్చు. గట్టు మీద ఎత్తుగా నిలిచింది వెనక ఎడమ చక్రం. లారీకి మల్లే జంట టైర్లు కాదు, ఆ పక్క ఉన్నది ఒక్కటే టైరు, దాని గాలి తీస్తే ఆ మూల దిగుతుంది.

ఆంజనేయులు మొలలో ఉన్న కొడవలి అడిగి తీసుకున్నాను. మిగతావాళ్ళను కట్టె లాగేయమని, తడిమట్టి విసరమని చెప్పాను. చక్రం దగ్గరికి పాకితే కళ్ళు తెరవలేకపోయాను. తడుముకుంటూ టైరుకు గాలి కొట్టే వాల్వు కాడ పట్టుకుని మొదలంటా కోశాను. గాలి బుస్సుమని నా మొహాన కొట్టింది. మిగిలిన గాలి పోయేదాకా ఆ చక్రం పక్కనే బోర్లా పడుకుని ఉన్నాను. సిలిండరు నా తల పక్కనే, రేకు అవతల ఉందన్న సంగతి ఒక్క క్షణం కూడా మరిచిపోలేదు.

బండి మెల్లగా దిగింది. పైన ఎక్కడో రేకు కిర్రుమంది.

“ఒరేయ్ సుబ్బారావూ, ఇప్పుడు లాగరా” అని అరిచాడు ఆంజనేయులు.

తలుపు మనిషి పక్కకు తిరిగి దూరేంత తెరుచుకుని మళ్ళీ ఆగింది. డాక్టరు గారు తడిపిన తువ్వాలు మొహానికి చుట్టుకుని ఆ సందులోంచి బయటికి పడ్డారు. ఆంజనేయులూ అతని మనుషులూ ఆవిణ్ణి పొలం అడ్డంగా మోసుకెళ్ళి గాలి వచ్చే వైపు కూర్చోబెట్టారు. మంట మట్టికి అణిగింది. సిలిండరుకు ఏమీ కాలేదు. బండి అడుగున వైర్లు కాలాయి, అంతే.

కార్యదర్శి గారు తారు రోడ్డు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన వంగి కాలిన వైర్లు చూశారు. తర్వాత ఆ బండి బాగు చేయించి, గ్రిల్లు తీయించి ఉంచుకుందామా అని అడిగారు. గ్రిల్లు తీసినా గది చట్రానికి బిగించే ఉంటుందని, మళ్ళీ మెలి తిరుగుతుందని చెప్పాను.

నిర్ణయం మేం చేయలేదు. కళ్ళు వాచి, గొంతు పోయిన డాక్టరు గారు లేచి నిలబడ్డారు. చిన్న బండి ఒక చక్రాన్ని గట్టు రాళ్ళ మీదికి ఎక్కించమన్నారు. ఎక్కించాక లోపలికి వెళ్ళి, బయట నుంచి తలుపు వేయమన్నారు. మేమెవరం చేయి వేయలేదు. ఆవిడే మళ్ళీ అడిగితే సుబ్బారావు వేశాడు. అందరం ఆ తలుపునే చూస్తూ నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగి, మళ్ళీ ఎక్కి, ఈసారి కంతలోంచి క్యాబినులోకి వచ్చి ముందు తలుపు తీసుకుని దిగారు.

“నడుం వంచుకునే ఉంటానండీ. ఇదే కావాలి” అన్నారు బొంగురుగా.

సంస్థ వారు అదే కొన్నారు. పట్నంలో దాన్ని నిలిపే చోటు విషయంలో డాక్టరు గారు చాలా అవస్థ పడ్డారని, ఒకటి రెండు చోట్ల పోలీసు స్టేషను పక్కనే పెట్టుకుని పడుకునేవారని తర్వాత తెలిసింది. ఆ భయం ఉత్తదేమీ కాదు. చిన్న బండి దాన్ని తీర్చలేదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం మనిషి నివసించే బండి ఏది ఫిట్‌నెస్‌కు వచ్చినా ఒక చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి, నేను లోపల కూర్చుని, తలుపు వేయించి, నా అంతట నేను బయటికి వచ్చాకే సంతకం పెట్టాను. ప్రతిసారీ భయపడ్డాను. భయం పోగొట్టుకోవాలని ప్రయత్నించలేదు, ఈ పనిలో అది పనికొచ్చే వస్తువు. రెండుచోట్ల బతకాల్సిన బండిని ఎక్కువ రోజులు ఉండే చోటును చూసి ఎంచుకోకూడదు. ప్రాణం మీదికి వస్తే సాయానికి మనిషి దొరకని చోటును చూసి ఎంచుకోవాలి. లోపలికి ఎవరు రాగలరన్నది ఆ తర్వాతి ప్రశ్న. లోపలున్నవాళ్ళు బయటికి రాగలరా అన్నది ముందు అడగాలి.