రాజేందర్ మాకన్నా ముందే వెళ్లొచ్చిన ఊరు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఏ తప్పుకైనా ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నా ఉద్యోగం నాకు నేర్పింది అదే. ఈ ఒక్క విషయంలో ఎంత వెతికినా దొరకలేదు.

రాజేందర్‌ది ఆఫీసులో నా పక్క సీటు. మాట్లాడేటప్పుడు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకోవడం వాడి అలవాటు. కొండలెక్కడమంటే వాడికి పిచ్చి. ఆదిలాబాద్ వైపు అడవిలో ఒక చిన్న ఊరుందని, శనివారం రాత్రి అక్కడ గంగారాం అనే రైతు ఇంట్లో పడుకుని, ఆదివారం పొద్దున్నే కొండెక్కుదామని ఏడాదిగా అడుగుతూనే ఉన్నాడు. గంగారాం నంబరు కూడా మా ఆరుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మూడుసార్లు తేదీ అనుకున్నాం. మూడుసార్లూ పని ఉందని నేనే వాయిదా వేయించాను.

వానాకాలం చివర్లో ఒక సాయంత్రం వాడు ఆఫీసు మెట్ల మీద కూలబడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్లు.

రెండు నెలల తరువాత, వాడి పేరు మీద ఆ కొండెక్కి రావాలని మిగిలిన ఐదుగురం అనుకున్నాం. మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చుని నేనే గంగారాంకు ఫోన్ చేశాను. ఫలానా కంపెనీ నుంచి ఐదుగురం వస్తామని చెప్పాను.

"ఎరికే సార్. మీ దోస్తు వచ్చి అన్ని చెప్పిపోయిండు గద. ఒకరికి వంకాయ పడదని గూడ చెప్పిండు."

వంకాయ పడనిది నాకే. ఆయన ఎప్పుడొచ్చాడని అడిగాను.

"పోయిన ఐతారం. మా మనవరాలిని తొట్టెల్ల ఏసిన దినం."

పేరు అడగలేదన్నాడు. మిగతా నలుగురినీ ఒక్కొక్కరిగా అడిగి చూశాను. ఎవరూ అటు వెళ్లలేదు. ఎవరైనా వేళాకోళమాడారా అనుకుందామంటే, నాకు వంకాయ పడదన్న సంగతి టీంలో రాజేందర్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

శనివారం చీకటితోనే గచ్చిబౌలి నుంచి కారులో బయలుదేరి మధ్యాహ్నానికి చేరాం. గంగారాం ఇంటి ముందు వేడుకకు వేసిన పందిరి ఇంకా తీయలేదు, ఆకులు ఎండిపోయి ఉన్నాయి. నేనేమీ చెప్పకుండా ఫోన్‌లో ఒక పాత ఫొటో చూపించాను. అందులో మేం పన్నెండు మందిమి ఉన్నాం. ఆయన తడుముకోకుండా రాజేందర్ మీద వేలు పెట్టాడు.

"గీయనే. మాట్లాడుకుంట అద్దాలు తీసి అంగీతోని తుడుస్తనే ఉండె. బంతిల కూసొని తిన్నడు. కొండెక్కుదాం రమ్మంటే ఆయాసమొస్తదన్నడు. మావోళ్లను జర పైలంగ తీస్కపొమ్మని చెప్పిండు."

ఆయన భార్య కూడా ఫొటో చూసి అదే మనిషి అంది. ఆయనెందుకు రాలేదని గంగారాం అడిగితే, ఒంట్లో బాగోలేదని చెప్పాను. పసిపిల్ల ఉన్న ఇంట్లో అంతకు మించి చెప్పడానికి నోరు రాలేదు.

మరునాడు కొండెక్కాం. పైన మంచు తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరమూ ఫొటోలు తీసుకోలేదు.

ఈ సంగతి రాజేందర్ భార్య స్వప్నకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు తన్నుకులాడాను. చివరికి ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"ఆయన పోయిన రోజు పొద్దున నేను కట్టిచ్చిన డబ్బ విప్పనే లేదన్నా. ఆఫీసోళ్లు అట్లనే తెచ్చిచ్చిన్రు," అంది.

మళ్లీ అడిగింది. "అక్కడ కడుపు నిండ తిన్నడంటనా?"

తిన్నాడని చెప్పాను. ఆ బంతిలో కూర్చుని తిన్నది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.