గాదెలో రాసిన ఎక్కాలు

కర్నూలు జిల్లా మొత్తం మీద, పంతులే నడిచొచ్చి రోలెక్కి హోంవర్కు చూసిపోయిన ఘనత ఒక్క మా ఈరక్కవ్వకే దక్కింది. కలెక్టరు పిల్లలకైనా అంత మర్యాద జరిగి ఉండదు.

1956లో ఈరక్కకు తొమ్మిదేళ్లు. ఊరికి కొత్తగా వచ్చిన దావీదురాజు పంతులు బడిలో కొత్త మాట ఒకటి దించాడు, హోంవర్కు. "ఇంటికాడ రాసి ఈడికి తెచ్చేది. తేకుంటే రాయనట్లే," అన్నాడు. ఈరక్క రెండు రోజులు రాసింది. పాకే వయసు తమ్ముడు బొజ్జన్న రెండు రోజులూ ఎంగిలి చేతులతో పలకంతా తుడిచేశాడు. పంతులు ఆమెను బడి బయట ఎండలో నిలబెట్టాడు. అటుగా పోతూ నాయన అయ్యన్న చూశాడు.

"ఇంకొకసారి బయట కనపడితే బడి చాలు మే. పత్తి ఏరను పోదువు."

మూడోనాడు పెద్దవాళ్లు చేనికి పోగానే ఈరక్క పలక చంకలో ఇరికించుకొని, రోలెక్కి, దాని పక్కనున్న నిలువెత్తు ఖాళీ జొన్నల గాదెలోకి దూకింది. ఇంట్లో తమ్ముడికి అందని చోటు అదొక్కటే. లోపల ముక్కిన జొన్నల వాసన, నెత్తిన గుండ్రంగా కాస్త వెలుతురు. ఒకవైపు ఏడో ఎక్కం, ఇంకోవైపు ఎనిమిదో ఎక్కం రాసింది.

అప్పుడు తెలిసింది. పైకెక్కాలంటే రెండు చేతులూ కావాలి. పలక చంకలో పెడితే చెరిగిపోతుంది. లోపలే వదిలి ఎక్కితే, తేకుంటే రాయనట్లే. బడిగంట మోగింది. బయట తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. పలక అంచులు అరచేతుల మధ్య పట్టుకొని, కళ్లలోకి చెమట కారుతున్నా తుడుచుకోకుండా ఈరక్క నిలబడిపోయింది.

ఏడుపు విని పక్కింటి షంషాద్ బీ వచ్చింది. "యా అల్లా! దాంట్లో ఏం చేస్తాండావే?"

"హోంవర్కు అత్తా."

"పలక ఇట్లియ్యి."

"ఇయ్యను. నీ చేతులకు పిండి ఉండాది. పంతుల్నే పిల్చుకురా."

దావీదురాజు వచ్చి, రోలెక్కి తొంగిచూశాడు. ఈరక్క పలక పైకెత్తి చూపించింది, తిప్పి చూపించింది.

"ఏడెనిమిదులు యాభై నాలుగా? తుడిచి రాయి."

అంతసేపు కాపాడిన పలక మీద తన వేలు తానే పెట్టలేకపోయింది. "ముందు మా నాయనకు చెప్పండి సార్, తెచ్చినానని."

"నువ్వు యాడ తెచ్చినావు మే, నేనే వస్తి గదా! సరే, చెప్తాలే."

అప్పుడు ఉమ్మి తడి చేసి తుడిచింది.

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టిన మనవడు, అంటే నేనే, ఇదంతా రాసి చదివి వినిపించి, "దూకేముందు ఎక్కేదెట్లా అని అనుకోలేదా అవ్వా?" అని అడిగితే, ఆమె వక్క కొరుకుతూ అంది:

"నేను గాదెలో పడి గూడా రాసినా. నువ్వు తెరిచున్న బడి వాకిట్లోంచి పారిపోయి వచ్చినావు. ఏడెనిమిదులెంతో చెప్పు."