పటికబెల్లం కలిపిన మేకపాలు

మా ఆయన గురవయ్య కేక వేస్తే అవతలి గుట్ట మీదున్న గొర్రె కూడా తల తిప్పి చూసేది. త్రిపురాంతకం దగ్గర మాది చిన్న ఊరు. అరవై గొర్రెలు, నాలుగు మేకలు మా ఆస్తి. సాయంత్రం మంద ఊళ్ళోకి దిగేటప్పుడు ఆయన కేక వినపడితే నేను పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. ఒకరోజు ఆ కేక సగంలోనే ఆగిపోయింది. వెనకే దగ్గు. బయటికొచ్చి చూస్తే, కర్ర మీద రెండు చేతులూ ఆనించి వంగి నిలబడి ఉన్నాడు. గొర్రెలు కూడా కదలకుండా ఆయన చుట్టూ నిలబడ్డాయి. ఏదో తేడాగా ఉందని ఆ రోజే అనిపించింది. అనిపించినా ఊరుకున్నాను.

ఆయనకు అప్పటికే ఆరేళ్ళుగా షుగర్ ఉంది. పొద్దున ఒక మాత్ర, గుర్తుంటే రాత్రి ఇంకొకటి. మనిషి చిక్కిపోతుంటే షుగర్ వాళ్ళు చిక్కిపోతారులే అనుకున్నాం. పడుకున్నప్పుడు చెమటతో చొక్కా తడిసిపోతుంటే ఎండాకాలం కదా అనుకున్నాం. దగ్గుకు మందుల షాపులో సిరప్ తెచ్చుకున్నాం. ప్రతిదానికీ మా దగ్గర ఒక జవాబు ఉండేది. నెల దాటాక తెమడలో నెత్తురు చార కనబడింది. దానికి మాత్రం ఏ జవాబూ దొరక్క మార్కాపురం ఆసుపత్రికి పోయాం.

ఎక్స్‌రే తీశారు. తెమడ పరీక్ష చేశారు, దాన్ని వాళ్ళు స్పూటం అంటారు. డాక్టరమ్మ మా అమ్మాయి రమణ ఈడుది. "టీబీ అమ్మా. మందులున్నాయి, నయమవుతుంది. కానీ షుగర్ మూడు వందల ఎనభై ఉంది. షుగర్ ఇట్లా ఉంటే టీబీ త్వరగా లొంగదు. రెండింటికీ కలిపి మందు వాడాలి" అంది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. మేమిద్దరమే, అమ్మాయిని పొదిలిలో ఇచ్చాం, ఇప్పుడు మూడో నెల, ఏడో నెలలో తొలి కాన్పుకు తీసుకొస్తాం అని చెప్పాను. రాస్తున్నదల్లా పెన్ను ఆపింది.

"స్పూటం నెగటివ్, అంటే తెమడలో క్రిములు లేవని నేను చెప్పేదాకా తీసుకురావద్దు."

నాకూ పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. తిరుగు బస్సులో ఆయన తువ్వాలు ముక్కుకు, నోటికి కట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక ఒక్క మాట అన్నాడు. "తొలి కాన్పుకు గూడా పుట్టింటికి పిలుచుకోలేకపోతే, ఆ బిడ్డకు ఎంత చిన్నతనం నాగీ."

మందుల పని మా ఊరి ఆశా కార్యకర్త ఖాసింబీ చూసుకుంది. రోజూ పొద్దున్నే వచ్చి, మాత్రలు మింగేదాకా ఎదురుగా నిలబడేది. మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పింది. ఆయన్ను నవ్వించకుండా పోయేది కాదు.

"బావా, నోరు తెరువు. నాలిక కింద దాచినావేమో చూడాల."

"నేనేమన్నా మేకపిల్లనా?"

"మేకపిల్లయితే ఈపాటికి మింగి, మేతకు గూడా పోయుండేది."

ఇక నా సంగతి చెప్పాలి. టీబీ మందులు వేడి అని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ అన్నారు. మా అమ్మ ఎవరికి దగ్గొచ్చినా మేకపాలలో మిరియాలు వేసి కాచి, పటికబెల్లం దంచి కలిపి ఇచ్చేది. దగ్గుకు మందు, ఒంటికి చలవ. నేనూ అదే చేశాను. పంచదార డబ్బాను అటక ఎక్కించాను, టీ కూడా చప్పగానే ఇచ్చాను. పటికబెల్లం మాత్రం నా లెక్కలో పంచదార కాదు, మందు. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. అన్నం ముట్టని మనిషి ఆ పాలు తాగితే నా కడుపు నిండినట్టుండేది.

రెండు నెలలకు మళ్ళీ స్పూటం పరీక్ష చేశారు. పాజిటివ్.

"మందులు మానేశారా?" అని అడిగింది డాక్టరమ్మ. ఖాసింబీ కార్డు చూపించింది. ఒక్క రోజు కూడా తప్పలేదు. మందులకు లొంగని రకమేమో అని ఇంకో పరీక్షకు పంపారు. నాలుగు రోజులు ఎదురుచూశాం. అది కాదని తేలింది. కానీ షుగర్ ఇంకా పైకే పోయింది.

"టీబీ మందుల్లో ఒకటి మీరు వాడే షుగర్ మాత్ర పనిని తగ్గిస్తుంది. అందుకే ఇన్సులిన్ మొదలుపెడుతున్నాను. పొద్దున్నుంచి ఏమేం తింటున్నాడో చెప్పమ్మా" అంది. రాగి సంకటి, పప్పు, గుడ్డు, మజ్జిగ అన్నీ చెప్పాను. పాల సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. ఆమె తిండి గురించి అడిగింది, నాకది తిండి కాదు.

సూది చూడగానే మా ఆయన మొహం తిప్పుకున్నాడు. మందలో ప్రతి గొర్రెకూ తన చేత్తోనే సూది వేసే మనిషి! "గొర్రె ఎప్పుడన్నా నీతో నొప్పి అని చెప్పిందా అయ్యా?" అన్నాను. నవ్వి చొక్కా ఎత్తాడు. అయినా రెండు వారాలు గడిచినా షుగర్ దిగలేదు. అక్కడ రమణకు ఆరో నెల వచ్చేసింది. ఫోన్ చేసి "నాయనా, ఎప్పుడు వస్తావు నన్ను పిలుచుకపోను?" అంటే, ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి బయటికి పోయేవాడు.

ఒకరోజు ఖాసింబీ మామూలుకంటే ముందే వచ్చింది. నేను రోలు ముందు కూర్చుని పటికబెల్లం దంచుతున్నాను.

"ఏందక్కా అది?"

"పటికబెల్లం. పాలల్లోకి, మీ బావకు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మందులు మొదలుపెట్టిన కాడ్నించి. రెండు పూటలా."

ఆమె గడప మీద కూలబడింది. "అది గూడా చక్కెరే గదక్కా. రాయి మాదిరి గట్టిపడిందంతే."

చేతిలో బండ పక్కన పెట్టేశాను. పులి నోట్లోంచి ఆయన్ను లాగుతున్నానని అనుకుంటూ రెండు నెలలకు పైగా నేనే వెనక్కి తోస్తున్నాను. ఏడుపు ఆగలేదు. అరుగు మీద కూర్చున్న మా ఆయన మెల్లగా అన్నాడు.

"నాకు అనుమానంగానే ఉన్నింది. అంత తియ్యగా ఉంటే షుగర్ గాక ఏముంటది."

"మరెందుకు తాగినావయ్యా?"

"గ్లాసు నా చేతికిచ్చి, తాగేదాకా నా మొహం వంకే చూస్తాంటివి. వద్దని ఎట్ల చెప్పేది?"

అంత ఏడుపులోనూ ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ మనిషిని వదులుకుని నేను బతకలేనని కూడా ఆ నిమిషంలోనే తెలిసింది.

మర్నాడే పోయి డాక్టరమ్మకు చెప్పాం. తిడుతుందనుకున్నాను. "ఇప్పటికైనా చెప్పారు. పాలు మానొద్దు, తీపి మానండి. బెల్లం, తేనె, పటికబెల్లం అన్నీ షుగరే" అని ఇన్సులిన్ మోతాదు మార్చింది. తిండి ఆలస్యమై షుగర్ మరీ పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, అప్పుడు మాత్రం వెంటనే తీపి నోట్లో వేసుకోమంది. ఇంట్లో మిగిలిన పటికబెల్లం పలుకులు నాలుగు ఆయన తువ్వాలు కొంగున కట్టాను. పది రోజులకు గుట్ట మీద నిజంగానే అట్లా అయింది. కొంగు విప్పుకుని రెండు పలుకులు నమిలి, కాసేపు కూర్చుని, మందను తోలుకుని ఇంటికొచ్చాడు.

ఆ నెలాఖరుకు షుగర్ దారికొచ్చింది. మూడో నెల స్పూటం నెగటివ్. డాక్టరమ్మ ఆ మాట చెబితే మా ఆయన "ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు. ఆమె నవ్వి రెండుసార్లు చెప్పింది. "ఇక పిలుచుకురండి. మందులు మాత్రం ఒక్క రోజు కూడా ఆపొద్దు." ఏడో నెలలో ఆయనే పొదిలి పోయి రమణను తీసుకొచ్చాడు. ఆడపిల్ల పుట్టింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

ఆరు నెలలన్న మందులు షుగర్ వల్ల తొమ్మిది నెలలు వాడాల్సి వచ్చింది. అవి ఆపేసి ఏడాది కావస్తోంది. ఆ మధ్యలో మొదలైన అరికాళ్ళ తిమ్మిర్లు ఇంకా ఉన్నాయి, ఇన్సులిన్ నడుస్తోంది. కేక అవతలి గుట్ట దాకా పోవడం లేదు, మా ఇంటిదాకా వస్తోంది. అది నాకు చాలు. రమణ వచ్చినప్పుడు మనవరాలు ఆ కేక వినపడగానే తలుపు పట్టుకుని నిలబడుతుంది.

నేను చెప్పేది ఒక్కటే. ఏం తింటున్నారని డాక్టరు అడిగితే, మందనుకుని ఇచ్చేవి, చలవకని ఇచ్చేవి కూడా చెప్పండి. నోట్లోకి పోయేది ఏదైనా సరే. ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్ళకూ ఒక మాట. మేమిచ్చేది మీకు పడదని అనుమానమొస్తే మా మొహం చూసి తాగేయకండి, వద్దని చెప్పండి. మేం ఒక పూట అలుగుతాం, అంతే.