చెన్నప్ప పడవకు పలక

ధర్మవరం పక్క పల్లెలో పట్టుచీరలు నేసే చెన్నప్పకు ఒకటే పిచ్చి. కనబడిన ప్రతివాణ్ణీ ఆపి, రెండు పడవలు జోడించి కట్టే జంటపడవ అడుగున పలక ఉండాలా వద్దా అని అడుగుతాడు. సముద్రం ఫోన్లో తప్ప చూడలేదు. ఊరి చెరువులో ఇరవై ఏళ్లుగా తుమ్మచెట్లే ఉన్నాయి.

కూతురి పెళ్లి మాటలకొచ్చిన వియ్యంకుణ్ణీ వదల్లేదు. "అన్నా, పక్కగాలికి తెరచాప పడవ జారిపోతాది. అందుకే నీళ్లలోకి పలక దించల్ల. కత్తి మాదిరి నిలువుగా దిగేది మేలా, రాయి తగిలితే వెనక్కి మడుచుకునేది మేలా?"

"పలకే లేకుంటే?" అన్నాడు పాపం వియ్యంకుడు.

"అది పడవా? పక్కకు పాకే పీత!" అని చెన్నప్ప విస్తరి ముందునుంచి లేచిపోయాడు. భార్య గంగక్క అవాక్కయింది.

మరో రోజు ఆమె బట్టల అలమర చూస్తే తలుపులు లేవు.

"యాడికి పోయినాయి?"

"పలకలైనాయి."

"మా నాయన ఇచ్చిన టేకు తలుపులప్పా అవి!"

"అందుకే నీళ్లకు ఉబ్బవు."

గంగక్క మళ్లీ అవాక్కయింది. డాగు పడిన పట్టుచీర తెరచాపైన రోజున ఆమెకు అరవడానికి ఓపిక కూడా మిగల్లేదు.

ఈ ఏడు వానలకు చెరువు నిండింది. మిగులు నీళ్లు మరువ మీదుగా పొర్లి రోడ్డు తెగింది. అవతలి ఊళ్లో తన కూతురు ప్రసవించిందని తెలిసి, మోకాళ్లు అరిగిన పక్కింటి హనుమంతమ్మ రోజూ కట్టమీద కూర్చుని ఆ ఒడ్డుకేసి చూస్తూ కళ్లొత్తుకునేది.

ఇన్నేళ్లూ ఇంటి వెనక కట్టుకున్న జంటపడవను చెన్నప్ప చెరువులోకి దించాడు. నిలువు పలక తుమ్మమొద్దుకు తగిలి పెచ్చు లేచింది. మడత పలక సందులో బురద కూరుకుని మళ్లీ దిగలేదు. మర్నాడు గంగక్క వెళ్లేసరికి రెండు పలకలూ పీకేసి, ఆ సందులు మూసేస్తున్నాడు.

"ఏమప్పా! పీత అంటివే!"

"పలకుంటే లోతులోనే నిలపల్ల. అవ్వ నీళ్లలో దిగి నడవగలదా? ఇదైతే నేరుగా గట్టెక్కుతాది. టేకు పలక మీద ఆమె కూర్చుంటాది."

గంగక్క హనుమంతమ్మను చెయ్యి పట్టి ఎక్కించింది. తానూ పడవెక్కింది.

పడవ పక్కకు జారుతూనే ఉంది. "ఊరు ఆ పక్క ఉండాది గదప్పా!" అని హనుమంతమ్మ దారంతా కేకలు పెట్టింది. చివరికి ఎవరిదో కంది చేను దగ్గర గట్టెక్కింది. ఆమె చీర అంచు కూడా తడవలేదు.

పదకొండు రోజుల మనవణ్ణి ఆమె ఒళ్లోకి తీసుకోగానే చెన్నప్ప వంగాడు. "నువ్వు చెప్పు నాయనా, పలక ఉండల్లనా, వద్దా?"

"వద్దు. లేనిదే మేలు" అంది గంగక్క.

పదేళ్లుగా అతను అడుగుతున్న ఆ ప్రశ్నకు ఆమె జవాబు చెప్పడం అదే మొదలు. ఈసారి చెన్నప్ప అవాక్కయ్యాడు.