వేళ్ల మీద కట్టిన అరుగు

రోజూ వాకింగుకొస్తారు గానీ, పార్కంటే మీకు ప్రేమ లేదు. నీడంటే ప్రేమ. ఆ నీడ ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక్కసారైనా వంగి చూడలేదు మీరు. చూసిన మనిషి మొన్న ఆదివారం గుణదలలో తన ఇంట్లో కన్నుమూశారు. కాలువ పక్కనున్న మన పార్కుకి ఏళ్ల తరబడి తోటమాలి ఆయన. పేరేమిటని మీరెవరూ అడిగి ఉండరు. మేం భాయ్ అనేవాళ్లం.

డిగ్రీ చదివే రోజుల్లో మా కాలేజీ వెనక గోడ దూకితే ఈ పార్కే. ఉయ్యూరు బస్సు దిగి క్లాసు కంటే ముందు ఇక్కడికే వచ్చేవాణ్ణి. నిద్రగన్నేరు కింద చదివాను, నిద్రపోయాను, కరపత్రాలు రాశాను. భాయ్ ఊడ్చిన ఆకుల్ని బయట పారేసేవారు కాదు. చెట్టు మొదట్లోనే గుండ్రంగా పోసి, నీళ్లు చల్లి తొక్కేవారు.

"ఈ చెత్త ఇక్కడెందుకు భాయ్?" అంటే, "దాని తిండి దానికి పెడుతున్నా. చెత్తంటావేంటి లీడరూ?" అనేవారు.

ఆ తడి ఆకులు ప్యాంట్లకు అంటుతున్నాయని అర్జీ రాసింది నేనే. చెట్ల చుట్టూ సిమెంటు అరుగులు కావాలని క్లాసు క్లాసుకీ తిరిగి సంతకాలు పెట్టించాను. నేను గెలిచిన మొదటి పోరాటం అదే. రాయడానికి సిగ్గుగా ఉంది. మొదలుకంటా ఆనించి అరుగులు కట్టేశారు. నేరేడు ఎండిపోయింది. తర్వాత కానుగ.

ఒక ఉదయం వెళ్లేసరికి భాయ్ గునపంతో నిద్రగన్నేరు అరుగు పగలగొడుతున్నారు.

"ఏంటి భాయ్, కొట్లాడి కట్టించుకున్నాం కదా."

"కొట్లాడేటప్పుడు దీన్ని అడిగావా?"

"చెట్టునేం అడుగుతాం?"

"పోనీ, నన్నడగొచ్చుగా. నాకు మాటలొచ్చుగా."

 

పార్కుల ఆఫీసరొచ్చి పనిలోంచి తీసేస్తానన్నాడు. "తీసేయండి సార్. ఇది పూర్తిచేసి వెళ్తా" అన్నారు భాయ్, గునపం దించకుండానే. తీసెయ్యలేదు. బెజవాడ ఎండలో ఆ చాకిరీ చేసేవాడు ఇంకొకడు దొరకడని ఆఫీసరుకీ తెలుసు. చెట్టు బతికింది. ఇవాళ మీరు ఫోన్లు పట్టుకుని నిలబడే నీడ అదే.

పని మానేశాక కూడా సాయంత్రాలు వచ్చి ఆ చెట్టు మొదట్లో కూర్చునేవారు. కాంట్రాక్టరు మనుషులు అరుగు కొలతలకి టేపు పట్టుకొస్తే కాళ్లు బారచాపి, "ముందు నన్ను కొలుచుకోండయ్యా" అనేవారు. వాళ్లు నవ్వి వెళ్లిపోయేవారు.

ఆయనకు మట్టి ఇచ్చి వచ్చిన మర్నాడే ఆ చెట్టు దగ్గర సిమెంటు బస్తాలు దిగాయి. వాకింగుకి వచ్చే మీరే అడిగారట, కూర్చోడానికి వీలుగా ఉంటుందని. అర్జీ చూశాను. నేను రాసినట్టే ఉంది.

సంతాప సభ పెట్టకండి. ఈ పనులు చేయండి.

మీ సంతకాలు వెనక్కి తీసుకోండి.

బస్తాలు రేపటికల్లా గేటు దాటాలి.

రాలిన ఆకు గేటు దాటకూడదు.

మిగిలిన చెట్ల చుట్టూ ఉన్న అరుగులన్నీ పగలగొట్టాలి.

చెట్టు జోలికి వెళ్లే ముందు దానికి నీళ్లు పోసేవాళ్లని అడగాలి.

పనిముట్ల గది తాళం నాకివ్వండి. తలుపు వెనక, మూలన, భాయ్ చేతుల్లో నునుపుదేరిన గునపం ఉంది. మొదటి అరుగు నేను కొడతాను.