ఒకే బకెట్ నీళ్లు

"మీ ఊళ్లో సముద్రం ఉందా?"

సముద్ర జీవశాస్త్రం చదువుతున్నానంటే కోస్తాలో ఎవరైనా మొదట అడిగే మాట ఇదే. నల్లగొండలో సముద్రం లేదని వాళ్లకు తెలుసు. తెలిసే అడుగుతారు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను అక్కడ ఎమ్మెస్సీలో చేరాను కాబట్టి ఆ ప్రశ్నకు ఒక తోక కూడా ఉండేది. "మీ రాష్ట్రం మీకొచ్చేసిందిగా, ఇంకా మా సముద్రంతో పనేంటి?" అని హాస్టల్లో నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ నా నవ్వు మీదే ఒళ్లు మండుతుంది.

నా గైడు మాత్రం నవ్వకుండా అన్నాడు. "సముద్రం లేని చోటి నుంచి వచ్చావు, పైగా ఆడపిల్లవి. పడవ పని నీవల్ల కాదు, మైక్రోస్కోపు ముందు కూర్చో." ఆ మాటకే పంతం పట్టి పడవ పని అడిగి మరీ తీసుకున్నాను. ఆయన పడవెక్కి చాలా ఏళ్లయిందని తర్వాత తెలిసింది. ఎక్కితే కడుపులో తిప్పుతుందట. ఒక్కరోజు పక్కన నిలబడి ఎలా చెయ్యాలో చూపించి ఉంటే నేను ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

పని వినడానికి తేలికే. మడ అడవిలోంచి వచ్చే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మొదలుపెట్టి, ఒడ్డు సన్నని గీతలా కనిపించేంత దూరం వరకు నాలుగు చోట్ల, మా భాషలో స్టేషన్లలో, ఆగాలి. ప్రతిచోటా ఒక పొడవాటి సన్నకన్ను వలను నీళ్లలో లాగాలి. వల చివర సీసా ఉంటుంది. కంటికి ఆనని పురుగులన్నీ వల గుడ్డకు అంటుకుంటాయి. వాటిని నీళ్లు కొట్టి సీసాలోకి దింపి, కుళ్లకుండా మందు కలిపి మూత పెట్టాలి.

ఆ నీళ్లు కొట్టడం దగ్గరే నా ఖర్మ కాలింది. మాది మర్రిగూడ వైపు పల్లె. బోరు నీళ్లు తాగితే పళ్లు గారపట్టి ఎముకలు వంగిపోయే నేల. మంచినీళ్లు ట్యాంకరులో వచ్చేవి. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, ముఖం కడిగిన నీళ్లు చెట్టుకు. ఒకటి కడిగిన నీళ్లతోనే ఇంకోటి కడగాలని మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంటికి నల్లా వచ్చాక కూడా మా అమ్మ ఒక్క తొట్టి నీళ్లలోనే ఇంట్లోని బోళ్లన్నీ కడిగేది. అలాంటి ఇంట్లో పెరిగిన నేను మొగ దగ్గర ఒక బకెట్ నీళ్లు తోడుకుని, నాలుగు చోట్లా ఆ బకెట్లోనే వల ముంచి, ఆ నీళ్లే చెంబుతో కొట్టి కడిగాను. చుట్టూ అంత సముద్రం. చెయ్యి వంచితే అందుతుంది. ఒక్కసారి కూడా వంచలేదు.

పడవ నడిపే ముసలాయన చూశాడు. "ఇదేటమ్మా, సముద్రం మీద కూకుని నీళ్లు దాసుకుంటన్నావు?" అన్నాడు. ఈయన కూడా మొదలుపెట్టాడా అనుకుని ముఖం ముడుచుకున్నాను. అప్పటికి ఎగతాళి విని విని ఉన్నాను, మంచికే అన్నాడని తోచలేదు.

మైక్రోస్కోపు కింద ఒక వింత కనిపించింది. ఉప్పు నీళ్లూ మంచి నీళ్లూ కలిసిన ఏటిలో తప్ప బతకని ఒక పురుగు, ఆవగింజలో సగం కూడా ఉండదు, అన్నిటికంటే దూరాన ఉన్న నాలుగో చోటి సీసాలో కూడా దొరికింది. ఒకసారి కాదు, వెళ్లిన ప్రతిసారీ. ఆ రోజు గైడు మొదటిసారి నాకు టీ తెప్పించాడు. ఏటి నీళ్లు సముద్రంలో అంత దూరం పోతున్నాయనడానికి ఇదే సాక్ష్యమని తన ప్రాజెక్టు రిపోర్టులో దాన్నే ముందు పెట్టాడు. హాస్టల్లో సముద్రం ప్రశ్న ఆగిపోయింది. నేను ఎంత పొంగిపోయానో చెప్పాలంటే సిగ్గేస్తుంది.

బతుకమ్మ సెలవులకు ఇంటికి వచ్చాను. అమ్మ చేనుకు పోయిందని ఆ పూట బోళ్లు నేను కడిగాను. మధ్యాహ్నం అన్నం దగ్గర నాయిన నీళ్లు తాగబోయి గిలాస కింద పెట్టాడు. ఆయనకు మెడ తిరగదు, మా ఊరి నీళ్ల పుణ్యం. నన్ను చూడాలంటే మనిషంతా తిరగాలి. అలాగే తిరిగి అన్నాడు.

"గీ గిలాసల కూర వాసనొస్తాంది బిడ్డా."

అప్పుడే చేను నుంచి వచ్చిన అమ్మ గిలాస వాసన చూసి నా మీద విరుచుకుపడింది. "కూర గంజు ముందుగాల కడిగి, గా నీళ్లల్లనే గిలాసలు ముంచినవా? గిలాసలు ముందు కడగాలె, గంజులు ఆఖర్న. గింత సదువు సదివినవ్, గిదన్న తెల్వదా?"

నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను పడవలో చేసింది కూడా ఇదే. మొగ దగ్గరి నీళ్లు కూర వండిన గంజు, నాలుగో చోటు గిలాస. సముద్రంలో ఆ పురుగు లేదు. నా బకెట్లో ఉంది. నేనే దాన్ని అంత దూరం మోసుకెళ్లాను, నెలల తరబడి, ఒక్క చుక్క వృథా కానివ్వకుండా.

ఆ సాయంత్రమే గైడుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. మెల్లగా, "రిపోర్టు వెళ్లిపోయిందమ్మా. ఈ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు, తెలియక్కర్లేదు" అన్నాడు. మళ్లీ శాంపిళ్లు తీస్తానన్నాను. "తీస్తే ఏమవుతుంది? డిగ్రీ లేకుండా మీ ఊరెళ్తావు. సంతకం పెట్టాల్సింది నేను కదా. అందుకే సముద్రం తెలియనివాళ్లు ఈ చదువుకు రాకూడదు" అన్నాడు.

సముద్రం తెలియనిది నాకా, కడుపు తిప్పుతుందని ఒడ్డున కూర్చునే ఆ పెద్దమనిషికా? పొరపాటు చేసింది నేను. పొరపాటని తెలిశాక దాచమంది ఆయన. ఈ రెండూ ఒకటి కావని అప్పుడే ఆయన ముఖాన కొట్టినట్టు చెప్పాల్సింది. ఫోన్ పెట్టేశాక గోడకు చెప్పుకున్నాను.

నాయినైనా నా పక్కన ఉంటాడనుకుని ఆయనకూ చెప్పాను. "సారు జెప్పినట్టు ఇను. సముద్రంల పురుగున్నదా లేదా అని ఎవడు జూస్తడు? సర్టిఫికెట్ తీస్కొని రా బిడ్డా" అన్నాడు.

"బోరు నీళ్లు మంచియే, తాగుండ్రి అని నీకు జెప్పినోళ్లు గూడ గట్లనే అనుకున్నరు నాయినా. ఎవడు జూస్తడు అని."

నాయిన లేవడానికి గోడ పట్టుకున్నాడు. రోజూ ఇచ్చే చెయ్యి ఆ రోజు నేను ఇవ్వలేదు. అంత కోపం చూపించినదాన్ని, తిరిగి వెళ్లి ఏం చేశానంటే, థీసిస్ మీద గైడు చూపించిన చోట సంతకం పెట్టాను. నాలుగో చోట పురుగు ఉందని వైవాలో నలుగురి ముందు నా నోటితో నేనే చెప్పాను. బాగా మాట్లాడానని మెచ్చుకున్నారు కూడా.

ఆ డిగ్రీతోనే నల్లగొండలో ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెప్తున్నాను. ప్రయోగాల రికార్డులో కొట్టివేతలు ఎన్ని ఉన్నా మార్కులు తగ్గించను. చూడనిది చూసినట్టు రాస్తే మాత్రం రికార్డు విసిరికొడతాను. "మేడంకు కోపం జాస్తి" అని పేరు పడింది. ఆ కోపం ఎవరి మీదో పిల్లలకేం తెలుసు.

పోయినేడు ఒక ఫోను వచ్చింది. నేను చదివిన చోటే పరిశోధన చేస్తున్న అమ్మాయి, పాత విద్యార్థుల గ్రూపులో నా నంబరు పట్టుకుంది. "మేడం, మీకు నాలుగో స్టేషన్లో ప్రతిసారీ దొరికిన పురుగు నాకు ఒక్కసారి కూడా దొరకట్లేదండి. వల మార్చాను, పోటులో చూశాను, ఆటులో చూశాను. నాకు పని చేతకాదని మా సారు తిడుతున్నారు. మీరెలా తీశారో కొంచెం చెప్తారా?"

మీ సారు ఎవరని అడిగాను. ఆయనే. ఆ పురుగునే చూపించి కొత్త ప్రాజెక్టు తెచ్చుకున్నాడు.

లేదని తెలిసిన మనిషి, లేనిదాన్ని వెతకమని ఒక పిల్లను సముద్రం మీదికి పంపి, దొరకలేదని ఆ పిల్లనే తిడుతున్నాడు. స్టాఫ్ రూము అని కూడా చూడకుండా ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. "మేడం? మేడం?" అని అవతల ఆ అమ్మాయి కంగారు పడుతోంది. ఊపిరి పీల్చుకుని మొత్తం చెప్పాను. బకెట్ సంగతి, ఫోన్ సంగతి, వైవాలో నేను చెప్పిన అబద్ధం.

"నీ పనిలో ఏ లోపమూ లేదమ్మా" అన్నాను.

"ఆ మాట రాసిస్తారా మేడం?" అంది.

రాశాను. ఆ పురుగు నాలుగో చోటి నీళ్లలో ఎన్నడూ దొరకలేదని, నా పొరపాటు వల్లే సీసాలోకి వచ్చిందని, ఆ సంగతి వైవాకు ముందే నాకూ నా గైడుకూ తెలుసని. కింద సంతకం పెట్టి ఆమెకూ, ఆ డిపార్ట్‌మెంటుకూ పంపాను. డిగ్రీ వెనక్కి తీసుకుంటే తీసుకోనీ అనుకున్నాను. పెద్ద సాహసం చేసినట్టు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. ఆమె ఏదో ఒక మంచి మాట అంటుందని ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు జవాబు వచ్చింది. అందులో థాంక్స్ లేదు, మేడం అన్న పిలుపూ లేదు. "మూడేళ్లు వెతికాను" అని మాత్రం ఉంది.