ఆ గ్రహం ఖాళీది కాదు

ఆ కంప్యూటర్ ఆట చివర్లో మన అంతరిక్ష నౌక బాగుపడుతుంది, మనం ఎగిరిపోతాం. కింద గ్రహం మీద ఇళ్లు ఇళ్లలాగే ఉంటాయి, మనుషులు మాత్రం ఒక్కరూ కనిపించరు. వాళ్లేమయ్యారో ఆట చెప్పదు. చెప్పలేదు కాబట్టే మా తెలుగు అభిమానుల గ్రూపులో ఏడాది పొడుగునా అదే గొడవ.

గ్రూపులో ఎక్కువమంది విశాఖపట్నం, విజయవాడ పిల్లలు. మన్యంలోని ముంచింగిపుట్టు నుంచి ఇద్దరమే. ఒకరు నేను. రెండోవాడు సంత వీధిలో కిరాణా కొట్టువాళ్ల అబ్బాయి, ఇంటర్లో నా క్లాస్‌మేట్, సొంతూరు విజయనగరం వైపు. కంప్యూటర్ వాడిది కాబట్టి ఆట నేర్చుకున్నది వాళ్ల కొట్టు వెనక గదిలో, ఉల్లిపాయల బస్తాల మధ్య. ఆడటంలో మాత్రం నేనే ముందు. ఈ మాట వాడి ముందే అంటాను, వాడు మూతి తిప్పుకుంటాడు.

ఆట తయారుచేసినవాళ్లు రెండో భాగానికి కథలు పంపమన్నారు. ఒక్కో భాష గ్రూపు నుంచి ఒక్కటే పంపాలి. ఆదివారం పొద్దున అందరం ఫోన్లో కలిసి, ఎవరి కథ వాళ్లు చెప్పి, ఓట్లు వేసుకుందాం అనుకున్నాం.

అప్పటికే గ్రూపులో తిరుగుతున్న కథలన్నిటిలోనూ ఆ గ్రహం వాళ్లు చచ్చిపోయినవాళ్లే. ఒకరి కథలో యుద్ధం, ఒకరి కథలో ఉల్క, కొట్టు వాడి కథలో వైరస్. అందరూ చూపించే సాక్ష్యం ఒకటే. కొండవాలు కాలి ఉంది. ప్రతి ఇంట్లోనూ నేల మీద నల్లబడ్డ గుంట, దాని పైన దూలానికి వేలాడే గుత్తులు. ఆ గుత్తులు తింటే ఆటలో మన ప్రాణం పెరుగుతుంది. అవి చచ్చినవాళ్ల ఆత్మలని కొట్టు వాడి సిద్ధాంతం.

నాకు ఒళ్లు మండింది. నల్లబడ్డ గుంట పొయ్యి. పైన గుత్తులు ఆత్మలు కాదు, విత్తనాలు. మా ఇంట్లో విత్తనానికి దాచిన మొక్కజొన్న కండెలు పొయ్యి మీదే వేలాడతాయి, పొగ తగిలితే పురుగు పట్టదు. కాలిన వాలు పోడు, అడవి నరికి కాల్చి చేసే సాగు. కొన్నేళ్లు పండించాక ఆ వాలును, వెనకటికైతే ఇళ్లను కూడా, వదిలేసి ఇంకో వాలుకు పోతాం, అడవి మళ్లీ పెరిగాక తిరిగి వస్తాం. అలా వదిలిన కొండను మా అమ్మ తొంగున్నాది అంటుంది, నిద్రపోతోందని. బయటి నుంచి వచ్చినవాళ్లకు మాత్రం అది ఎవరూ లేని కొండ. ఆ మాట చిన్నప్పటి నుంచి విని విని విసిగిపోయాను. ఇప్పుడు ఆటలో కూడా మమ్మల్ని చంపేస్తారా అని ఏడుపొచ్చినంత పనైంది. నా కథ గెలవకపోతే రెండో భాగంలో వాళ్లకు సమాధులే. ఎలాగైనా బతికించి తీరాలనుకున్నాను.

మా ఊళ్లో సిగ్నల్ ఇంటికి రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి. ఆదివారం అమ్మ కొండచీపుర్లు కోయడానికి పైకి వెళ్తుంటే వెంట బయల్దేరాను. మంచు ఇంకా విడలేదు.

"ఎవుళితో మాటాడాలే గుంటా, ఇంత పొద్దున్నే?"

"ఆటోళ్లతో అమ్మా."

"ఆటో కావాలంటే రోడ్డు కాడికెళ్లాలి గానీ కొండెక్కుతారేటే?"

పైన సిగ్నల్ దొరకగానే మీటింగ్‌లో కలిశాను.

కొట్టు వాడి వైరస్‌కు చప్పట్లు బాగానే పడ్డాయి. నా వంతు రాగానే, "వాళ్లు చావలేదు. కొండ తొంగుంది, అంతే" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. తొంగోవడమేంటని ఇంకెవరో అడిగారు. కోపమొస్తే నా గొంతు సన్నబడిపోతుంది. ఆ సన్నటి గొంతుతోనే పొయ్యి, పొగ, పోడు అన్నీ చెప్పాను. అందరం అన్నయ్య అని పిలిచే విజయవాడ ఆయన మీటింగ్ నడుపుతున్నాడు.

"బాగుందమ్మా. కానీ ఊరు మారేవాళ్లు విత్తనాలు వదిలేసి పోతారా?" అన్నాడు.

"అన్నీ వదల్లేదన్నయ్యా. కొన్ని పట్టుకెళ్లారు, కొన్ని దాచారు. తిరిగొచ్చేవాళ్లే కదా దాచుకునేది."

కొట్టు వాడు మధ్యలో దూరాడు. "ఆగాగు. అయితే ఆటంతా మనం తిన్నదేటి? ఆళ్ల ఇత్తనాలా? అంటే మనం దొంగలమా?"

అందరూ గొల్లుమన్నారు. నిజం చెప్పాలంటే నేను అంతదాకా ఆలోచించనే లేదు. ఆ గ్రహం మీద ఎన్ని ఇళ్లు ఊడ్చి తినేశానో ఒక్కసారిగా గుర్తొచ్చింది. వాడు నన్ను ఇరికించాననుకున్నాడు. నాకైతే కథ దొరికేసింది.

"దొంగలమే. రెండో భాగం అక్కడే మొదలవుద్ది" అన్నాను. ఇక ఆగలేదు. "మన నౌక పైకి లేచినట్టే లేచి అదే ఊరి పక్కన కూలిపోద్ది. అప్పుడు దారెంట మనుషులొస్తారు. నెత్తి మీద మూటలు, సంకన పిల్లలు. సొంత ఇంటికొస్తన్నారు. తలుపు తీస్తే దూలానికి ఒక్క గుత్తీ ఉండదు. పొయ్యి కాడ మనం ఉంటాం. మన సేతిలో తుపాకీ ఉంటాది, కానీ ఎవుళిని కాల్సాలి? ఆళ్లు శత్రువులు కాదు, ఇంటోళ్లు. ఇంక ఆటంతా మనం కొండ కొండా తిరిగి ఇత్తనం అడిగి తేవాలి. గ్రహం దాటి పారిపోతే గెలుపు కాదు. ఇత్తనం ఇత్తే రోజున నువ్వు కూడా రా అని ఆళ్లు పిలిస్తే గెలుపు."

చెప్పడం ఆపాక ఫోన్లో చడీచప్పుడూ లేదు. ఎవరికీ నచ్చలేదేమో అనుకున్నాను. తీరా చూస్తే సిగ్నల్ పోయింది. చెప్పిందంతా వెళ్లిందో, సగంలో తెగిందో కూడా తెలియదు. చెప్పులు వదిలేసి వాలు మీదికి పరుగెత్తాను. చీపురు గడ్డి కాళ్లు కోసేస్తున్నా పట్టించుకోలేదు. పైన బండ ఎక్కి ఫోన్ ఎత్తి పట్టుకుంటే మళ్లీ గొంతులు వచ్చాయి.

"ఉన్నావా తల్లీ? మొత్తం విన్నాం. ఓట్లు కూడా అయిపోయాయి" అంటున్నాడు అన్నయ్య. "దాదాపు అందరూ నీ కథకే వేశారు."

"నాదీ దీనికే" అన్నాడు కొట్టు వాడు. "నా వైరస్ సచ్చిపోయిందెహె."

బండ మీద నిలబడి అరిచిన అరుపు అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. అంత సంతోషం నాకు పది పాసైనప్పుడు కూడా లేదు. అమ్మ కొడవలి పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

"ఏటయినాదే? పామా?"

"గెలిసేనమ్మా! అందరూ నాకే ఓట్లేసేరు!"

"పంచాయితీ ఎలచ్చన్లు ఎప్పుడయినాయే?"

నవ్వాగాక పక్కన కూర్చోబెట్టుకుని కథంతా చెప్పాను. ఆ గ్రహం ఎక్కడుందని అమ్మ అడగలేదు. అది ఆటేనా, నిజమా అనీ అడగలేదు. పక్క ఊరి చుట్టాల కబురు విన్నట్టు విని, చీపురు మోపు కట్టుకోవడం మొదలెట్టింది.

"అంత దూరం నడిసొస్తారు కదే" అంది. "ఇంట్లో గింజ నేకపోతే ఆ రాత్రి పిల్లలకేటి వండుతారు?"

ఓట్ల సంగతి తర్వాత, నేను గెలిచానని నమ్మకం కుదిరింది అప్పుడే. మా అమ్మ లెక్కలో వాళ్లు బతికే ఉన్నారు, ఆకలి మీద కూడా ఉన్నారు.